ఇంతకీ ఆ కేసు ఎక్కడిదాకా వచ్చింది?

ప్రశ్న: ఒక హత్య కేసును చాలాకాలంగా వదలకుండా ఫాలో అవుతున్నాను. రోజూ ‘కీలక మలుపు’ అంటారు, తీరా చదివితే ఏమీ ఉండదు. కేసు నిజంగా కదిలిందో లేదో మాలాంటివాళ్లకు తెలిసేదెలా?

జవాబు: హెడ్డింగ్ సంగతి పక్కన పెట్టి, ఆ మాట ఎవరన్నారో ముందు చూడండి. ‘విశ్వసనీయ వర్గాల సమాచారం’ అని ఉంటే చదివి వదిలేయండి, రేపటికి మారిపోయే మాట అది. కేసు కదిలితే ఎక్కడో ఒక కాగితం పుడుతుంది. అరెస్టు కావచ్చు, చార్జిషీటు కావచ్చు, కోర్టుకు చేరిన ల్యాబ్ రిపోర్టు కావచ్చు. నేనైతే బెయిల్ ఆర్డరును అస్సలు వదలను, ఎందుకంటే సాక్ష్యం ఎక్కడ గట్టిగా ఉంది, ఎక్కడ తేలిపోతోంది అన్నది చాలాసార్లు మొదట బయటపడేది అందులోనే. తేదీ, ఏం జరిగింది, ఎవరు చెప్పారు అని ఒక పుస్తకంలో రాసుకుంటూ వెళ్లండి. కొన్నాళ్లకు వెనక్కి తిప్పి చూస్తే ‘మలుపుల్లో’ ఎన్ని నిలబడ్డాయో మీకే తెలిసిపోతుంది.

ఇంకో మాట. ‘నేరం ఒప్పుకున్నాడు’ అన్న వార్త చూడగానే కేసు తేలిపోయిందనుకోకండి. ఇంగ్లండ్‌లోని లెస్టర్‌షైర్‌లో 1983లో ఒకమ్మాయి, 1986లో ఇంకో అమ్మాయి హత్యకు గురయ్యారు, ఇద్దరికీ పదిహేనేళ్లే. 17 ఏళ్ల కుర్రాడొకడు రెండో హత్య తానే చేశానని ఒప్పుకున్నాడు. అప్పటికి కొత్తగా వచ్చిన డీఎన్‌ఏ పరీక్ష చేసి చూస్తే రెండూ చేసింది ఒకడే, వాడు మాత్రం ఈ కుర్రాడు కాదు! తర్వాత చుట్టుపక్కల మగవాళ్లందరి నమూనాలు తీసుకుంటుంటే కాలిన్ పిచ్‌ఫోర్క్ అనేవాడు తన బదులు తోటి ఉద్యోగిని పంపాడు. ఆ ఉద్యోగి పబ్‌లో నోరు జారడంతో పిచ్‌ఫోర్క్ దొరికిపోయాడు, 1988లో శిక్ష పడింది. ఆ పరీక్షే లేకపోతే కుర్రాడి గతేమిటో ఆలోచించండి. అతను ఒప్పుకున్న రోజున వార్త రాసినవాళ్లు అబద్ధమేమీ రాసి ఉండరు, ఒప్పుకోవడం నిజమే, హత్య చేయడం మాత్రం నిజం కాదు.

ప్రశ్న: పోలీసులు వివరాలన్నీ ఎందుకు బయటపెట్టరు? దాస్తున్నారంటే ఏదో ఉన్నట్టే కదా?

జవాబు: ప్రతిసారీ కాదు. హంతకుడికి మాత్రమే తెలిసే ఒకటి రెండు విషయాలు కావాలనే దాచుకుంటారు. రేపు ఎవరైనా వచ్చి నేనే చేశానంటే నిజమో కాదో తేల్చుకోవడానికి అది పనికొస్తుంది.

ప్రశ్న: ఏళ్లు గడిచాక ‘కేసు మూసేశారు’ అంటే తేలినట్టేనా?

జవాబు: కాదు. స్వీడన్ ప్రధాని ఒలోఫ్ పామెను 1986 ఫిబ్రవరి 28 రాత్రి, భార్యతో సినిమా చూసి నడుచుకుంటూ వస్తుండగా స్టాక్‌హోమ్ వీధిలో కాల్చి చంపారు. 1989లో కింది కోర్టు ఒకతన్ని దోషి అంది, అదే ఏడాది పై కోర్టు విడిచిపెట్టింది. 2020 జూన్‌లో ప్రాసిక్యూటర్ ఇంకొకరి పేరు చెప్పి, అతను 2000లోనే చనిపోయాడు కాబట్టి కేసు మూసేస్తున్నామన్నారు. హత్యకు వాడిన తుపాకీ దొరకనేలేదు, ఆ రెండో వ్యక్తి మీద కోర్టులో విచారణా జరగలేదు. దీన్ని తేలిన కేసు అని నేనైతే అనను. అలాగని పాత కేసులంటే ఆశ వదులుకోనక్కర్లేదు. కాలిఫోర్నియాలో డెబ్బయ్యో దశకం నుంచి వరసగా హత్యలు, అత్యాచారాలు చేసినవాణ్ణి 2018 ఏప్రిల్‌లో పట్టుకున్నారు. దూరపు బంధువుల డీఎన్‌ఏతో వంశవృక్షం గీసుకుంటూ వెళ్లి జోసెఫ్ డిఏంజెలో దగ్గర ఆగారు, అతని కారు డోర్ హ్యాండిల్ మీద నుంచి నమూనా తీసి సరిపోల్చారు. అప్పటికి అతనికి 72 ఏళ్లు. 2020లో 13 హత్యలు ఒప్పుకున్నాడు. దశాబ్దాల కిందటి నమూనాలను ఎవరో జాగ్రత్తగా దాచి ఉంచబట్టే అది జరిగింది. అందుకే ఏ పాత కేసు గురించి చదివినా సాక్ష్యాలు ఇంకా భద్రంగా ఉన్నాయా అన్నదే నేను మొదట వెతుకుతాను.

ప్రశ్న: నాకూ నా స్నేహితురాలికీ ఒక కేసులో ఒకరి మీద గట్టి అనుమానం ఉంది. పేరు పెట్టి పోస్టు చేద్దామనుకుంటున్నాం.

జవాబు: దయచేసి చేయకండి. 2022 నవంబరులో అమెరికాలోని ఐడహోలో నలుగురు విద్యార్థులు హత్యకు గురైతే, ఆ కేసుతో ఏ సంబంధమూ లేని ఒక ప్రొఫెసర్ మీద ఒకావిడ వీడియోల మీద వీడియోలు పెట్టింది. అసలు నిందితుడు డిసెంబరు 30న అరెస్టయ్యాడు, అతను వేరే మనిషి. ఆ ప్రొఫెసర్ పరువు కోసం కోర్టుకెక్కాల్సి వచ్చింది, గెలిచారు కూడా. కానీ ఆ వీడియోలు చూసినవాళ్లందరికీ ఆ తీర్పు చేరుతుందా?

బయటివాళ్లు చేయగలిగింది లేదని కాదు. అమెరికాలో ఇప్పటికీ ఎవరో తేలని వరస హత్యల ‘జోడియాక్’ హంతకుడు 1969లో పత్రికకు పంపిన 340 గుర్తుల రహస్య లేఖను 2020 డిసెంబరులో ఛేదించింది మూడు దేశాల్లో ఉన్న ముగ్గురు ఔత్సాహికులే. అందులో హంతకుడి పేరు లేదు. వాళ్లూ ఎవరి మీదా నింద వేయలేదు, తాము చదివింది ఎఫ్‌బీఐకి పంపారు. మీరూ మీకు తెలిసింది, ఎప్పుడు ఎక్కడ చూశారో తేదీలతో సహా రాసి, దర్యాప్తు అధికారికి ఇచ్చి రసీదు తీసుకోండి. చూసింది ఒక పేజీలో, అనుమానం వేరే పేజీలో రాయండి, రెండూ కలపొద్దు.