తప్పు లేని చోట ‘సవరణ’ ఏమిటి?

ప్రశ్న: సవరించడం అంటే ఉన్న తప్పు దిద్దడం కదా. 1992 నాటి 73వ రాజ్యాంగ సవరణతో పంచాయతీల కోసం కొత్తగా ఒక భాగమే చేర్చారు. అక్కడ దిద్దిన తప్పేమీ లేదే! దాన్నీ సవరణ అనొచ్చా? ‘రాజ్యాంగ మార్పు’ అంటే సరిపోదా? (ఒక సోషల్ టీచరు)

జవాబు: మాస్టారూ, ఏళ్ల తరబడి పేపర్లు దిద్దీ దిద్దీ మీకు సవరణ అనగానే ఎర్ర సిరా కనబడుతున్నట్టుంది. గొంతు సవరించుకునేవాడి గొంతులో తప్పేముంది? పైట సవరించుకుంటారు, కళ్లజోడు సవరించుకుంటారు, ఫొటో తీసేముందు పిల్లాడి క్రాఫు సవరిస్తారు. వస్తువు అదే, దాని కుదురు మారుతుందంతే. ప్రూఫుల దగ్గర దిద్దడమనే అర్థం ఉంది, కాదనను.

ఇక మీరు అడక్కపోయినా చెప్పాల్సిన మాట ఒకటుంది, సవరం. మా చిన్నప్పుడు అమ్మ సవరం తలుపు వెనక మేకుకి వేలాడుతుండేది, చీకట్లో అది చూసి జడుసుకున్న రోజులూ ఉన్నాయి. జుట్టు పల్చనైనవాళ్లు దాన్ని కలిపి జడ వేసుకునేవారు. నిఘంటువుల్లో ఇది చామరానికి వికృతి. చంద్రుణ్ణి సెందురుడన్న నోటికి చామరం సవరం కావడం ఎంతపని! చమరీమృగం తోక వెంట్రుకలు రాజుగారి పక్కన వింజామరై ఊగి, చివరికి మన ఆడవాళ్ల జడలో చేరాయన్నమాట. తమిళులు ఈ జుట్టును సవరి అంటారు, సవరం అంటే మాత్రం వాళ్లకి గడ్డం గీయడం, మన క్షవరమే. ఒకే చప్పుడు, ఇక్కడ చేరుస్తుంది, అక్కడ తీసేస్తుంది! సవరించడానికీ సవరానికీ నిజంగా చుట్టరికం ఉందా అంటే ఒట్టేసి చెప్పలేను గానీ, లేదంటే మనసొప్పదు.

సరే, మీ రాజ్యాంగానికొద్దాం. 368వ అధికరణంలో ఇప్పుడు చేర్చడం, మార్చడం, తొలగించడం మూడూ సవరణ కిందికే వస్తాయని ఉంది, ఆ ముక్క పెట్టించిందీ 1971 నాటి 24వ సవరణే. 1973లో ఆంధ్రప్రదేశ్ కోసం 32వ సవరణతో 371-డి వచ్చి చేరింది, అది సవరం పెట్టడం. 1978లో 44వ సవరణ ఆస్తి హక్కును ప్రాథమిక హక్కుల్లోంచి తీసేసింది, అది తమిళ సవరం. ‘మార్పు’ అంటే ఇదంతా తెలియదు, చొక్కా మార్చినా మార్పే, ఇల్లు మారినా మార్పే. పైగా 1973లోనే కేశవానంద భారతి కేసులో సుప్రీంకోర్టు జడ్జి జస్టిస్ ఖన్నా పట్టుకున్నది సరిగ్గా ఈ మాటనే. సవరణ అన్నాక పాత రాజ్యాంగం తన గుర్తింపు పోకుండా మిగిలి ఉండాలన్నారాయన. మన భాషలో చెప్పాలంటే, జుట్టు సవరించమంటే గుండు కొట్టకూడదు.

మీ లెక్కన అసలు నిలదీయాల్సింది పక్కవాళ్లని. కన్నడిగులు తిద్దుపడి అంటారు, అది మన దిద్దుబాటుకి దాయాది. మరాఠీవాళ్లదైతే ఏకంగా ఘటనాదురుస్తి, తెలంగాణలో బోరు మోటారుకి చేయించే దురస్తే అది!

నన్ను బాధపెట్టేది మీ సందేహం కాదు, ‘రాజ్యాంగం సవరణ చేయబడింది’ అనే వార్తలు. ఎవరు చేశారో చెప్పడానికి అంత మొహమాటమెందుకు? ‘పార్లమెంటు రాజ్యాంగాన్ని సవరించింది’ అంటే నోరేం నొప్పెట్టదు. కొందరు టీవీ పెద్దలు అదీ మానేసి ‘అమెండ్ చేశారు’ దాకా వచ్చారు.

కాబట్టి 73వదాన్ని నిక్షేపంగా సవరణే అనండి. పిల్లలకి విడమరచడానికి ‘చేర్పు’ అంటే నేను తగువు పెట్టుకోను, పరీక్షలో అలా రాస్తే మార్కు వేస్తారా లేదా అన్నది మీ ఇష్టం.