విపత్తు సినిమాలో ఎవరికెంత చోటు?

ప్రశ్న: 1970ల నాటి హాలీవుడ్ విపత్తు సినిమాలు వరసపెట్టి చూస్తున్నాను. నల్లజాతి నటులు, ఆడవాళ్లు, ముసలివాళ్లు అందరూ ఉన్నారు. అయినా ఏదో వెలితి. నా అపోహేనా? ఎలా తేల్చుకోవాలి?

జవాబు: అపోహ కాదు. తెరమీద కనిపించడం వేరు, కథలో చోటు దక్కడం వేరు. ఒక కాగితం మీద ప్రతి పాత్రకూ నాలుగు గళ్లు గీయండి: పేరు, ఇంటి సంగతి, తీసుకున్న నిర్ణయం, చివరికి ఏమైంది. ప్రమాదం మొదలయ్యేదాకా ఉన్న భాగాన్ని రెండుసార్లు చూడండి. పాత్రలకు ప్రాణం పోసేది అక్కడే, ఆ తర్వాత అంతా పరుగులే.

'ద టవరింగ్ ఇన్‌ఫెర్నో' (1974) తీసుకోండి. 138 అంతస్తుల భవనానికి భద్రతాధికారి జెర్నిగన్‌గా నల్లజాతి నటుడు ఓ.జె. సింప్సన్ నటించాడు. చెవులు వినపడని ఒక తల్లిని మంటల్లోంచి మోసుకొస్తాడు. ఆ భవనంలో ఉండే లిజొలెట్ అనే ఆవిడ చనిపోతుంది; చివర్లో ఆమె పెంచుకున్న పిల్లిని తెచ్చి, ఆమెను ప్రేమించిన ఫ్రెడ్ ఆస్టెయిర్ చేతుల్లో పెడతాడు. మంచి పాత్రే. కానీ ఇంటి సంగతి గడి ఖాళీ. నిర్ణయాలన్నీ ఆర్కిటెక్టు పాల్ న్యూమన్‌వి, అగ్నిమాపక అధికారి స్టీవ్ మెక్వీన్‌వి. అయితే మెక్వీన్ ఇంటివాళ్లనూ సినిమా చూపించదు. అందుకే ఒక్క గడిని బట్టి తీర్పు చెప్పకండి, వరసంతా చూడండి.

'ఎయిర్‌పోర్ట్ 1975'లో పైలట్లు పడిపోయాక 747 విమానాన్ని గాల్లో నిలబెట్టేది ఎయిర్‌హోస్టెస్ కారెన్ బ్లాక్. కిందికి దించడానికి మాత్రం హెలికాప్టర్ నుంచి చార్ల్‌టన్ హెస్టన్ దిగాల్సిందే!

ప్రశ్న: ఎవరు చచ్చిపోయారో లెక్కేస్తే సరిపోదా?

జవాబు: సరిపోదు. 'ద పొసైడన్ అడ్వెంచర్' (1972)లో తలకిందులైన ఓడలోంచి బయటపడాలని బయల్దేరిన పదిమందీ తెల్లవాళ్లే. ఆరుగురు బతుకుతారు, నలుగురు పోతారు. పోయినవాళ్లలో దారి చూపిన పాస్టరు స్కాట్ కూడా ఉన్నాడు. చావుల లెక్క ఒక్కటే పట్టుకుంటే ఆయనకీ అన్యాయం జరిగిందనుకోవాలి.

షెల్లీ వింటర్స్ చేసిన బెల్ రోజెన్‌ను చూడండి. లావుపాటి యూదు అవ్వ, ఇజ్రాయెల్‌లో ఉన్న మనవణ్ణి చూడబోతోంది. నీళ్లలోకి దిగిన స్కాట్ రేకు కింద ఇరుక్కుపోతే, ఒకప్పటి ఈతగత్తె కాబట్టి తనే దూకి విడిపిస్తుంది. ఆ శ్రమకు గుండె ఆగిపోతుంది. పోయేముందు మెడలోని లాకెట్ తీసి, మనవడికి ఇమ్మని స్కాట్ చేతిలో పెడుతుంది. నాలుగు గళ్లూ నిండాయి. ముసలామెకు ఇంత నిండైన పాత్ర ఆ సినిమాల్లో అరుదు.

ఆ పదిమందిలో మొదట పోయింది ఓడ పనివాడు ఏకర్స్, కాలు దెబ్బతిన్నవాడు. చివర్లో దేవుణ్ణి నిలదీస్తూ స్కాట్ అతని పేరు ఒక్కసారి తలుస్తాడు. బెల్ శవం దగ్గర కూలబడటానికి భర్త మానీ ఉన్నాడు, పోయినవాళ్లలో ఒకరైన లిండా కోసం ఏడవడానికి ఆమె భర్త రోగో ఉన్నాడు. ఏకర్స్‌కు ఆ గుంపులో అలాంటి మనిషి ఎవరూ లేరు.