తెలుగు థీసిస్‌కి రిఫరెన్సులు: ముందు పేర్ల సంగతి తేల్చుకోండి

గైడ్ ఏపీఏ పద్ధతి (అమెరికన్ సైకలాజికల్ అసోసియేషన్ వారు పెట్టిన రిఫరెన్సుల పద్ధతి) అన్నారు, మీవేమో చాలావరకు తెలుగు పుస్తకాలు. రచయితల పేర్లు ఎలా రాయాలి, రిఫరెన్సులు దాచిపెట్టి జాబితా తయారుచేసే జొటేరో సాఫ్ట్‌వేర్ తెలుగుకి పనికొస్తుందా అని కదా అడిగారు. నేను హైదరాబాద్‌లోనే, తెలుగులోనే థీసిస్ రాశాను కాబట్టి నాకు తెలిసింది చెబుతాను.

జొటేరో పనికొస్తుంది, పైగా ఉచితం. కామాలు, ఇటాలిక్కులు అది చూసుకుంటుంది. పేర్లు మాత్రం దానికి వదిలేయకండి. లైబ్రరీ క్యాటలాగుల నుంచి వివరాలు లాగితే చాలాసార్లు చివరి మాటే ఇంటిపేరు గడిలో పడుతుంది. అప్పుడు సురవరం ప్రతాపరెడ్డి గారు వెళ్ళి 'ప'లో కూర్చుంటారు. పేరుకి ఉన్న రెండు గడులనీ ఒక్కటిగా మార్చుకునే వీలుంది. అలా మార్చి, మనం పిలిచే వరసలోనే పేరు మొత్తం రాసేయండి. మనకి ఇంటిపేరు ఎలాగూ ముందే ఉంటుంది కనక అకారాది క్రమం దానంతటదే కుదురుతుంది. నిక్కచ్చి ఏపీఏ కావాలంటే ఇది చెల్లదు, ఇంటిపేరు తర్వాత కామా పడాల్సిందే. నా గైడ్ ఒప్పుకున్నారు, మీ వారిని ముందే అడగండి.

అసలు తలనొప్పి ఇంగ్లీషు రిఫరెన్సులతో. తెలుగు సాహిత్య పండితులు వెల్చేరు నారాయణరావు గారినే తీసుకోండి. కొందరు 'రావు' కింద ఇస్తారు, కొందరు 'నారాయణరావు' కింద. ఇంటిపేరు చూస్తే రెండూ కాదు, వెల్చేరు. చూసిన చోటల్లా ఉన్నది ఉన్నట్టు ఎత్తి రాస్తే మీ జాబితాలో ఒక్క మనిషే ఇద్దరవుతాడు. ఏదో ఒకటి ఎంచుకుని చివరిదాకా దానికే కట్టుబడండి. ఇక మన రావులు, రెడ్లు ఎంతమందో మీకు తెలుసు. వాక్యం మధ్యలో 'రెడ్డి, 1998' అని రాస్తే ఏ రెడ్డి అని వైవాలో (థీసిస్ మీద జరిగే మౌఖిక పరీక్షలో) అడగరా?

పాత పుస్తకాలకి ముద్రణ సంవత్సరం తప్పకుండా చూడండి. సురవరం వారి 'ఆంధ్రుల సాంఘిక చరిత్ర' మొదట వచ్చింది 1949లో. మీ చేతిలో ఉన్నది తర్వాతి ముద్రణైతే పేజీ నంబర్లు మారిపోవచ్చు. అలాంటప్పుడు వాక్యం మధ్యలో మొదటి ఏడు, ఏటవాలు గీత (/), మీ ప్రతి అచ్చయిన ఏడు, రెండూ ఇవ్వమంటుంది ఏపీఏ. హైదరాబాద్ సుందరయ్య విజ్ఞాన కేంద్రం లైబ్రరీలో కూర్చున్నప్పుడే టైటిల్ పేజీ వెనకవైపు ఉన్నదంతా రాసుకోండి. ఒక్క తేదీ కోసం మళ్ళీ బస్సెక్కడం కంటే అది నయం.

ప్రచురణ స్థలం ఏపీఏ ఏడో ఎడిషన్‌లో తీసేశారు. మన పెద్దలకి మాత్రం 'హైదరాబాద్' అని లేకపోతే తోచదు. గైడ్ పెట్టమంటే పెట్టండి, దాని మీద వాదన దండగ.

చివరగా డీటీపీ. జొటేరో వర్డ్‌లో, లిబ్రే ఆఫీస్‌లో, గూగుల్ డాక్స్‌లో పనిచేస్తుంది, అదీ యూనికోడ్ తెలుగులో. మీ డీటీపీ ఆయన పేజ్‌మేకర్‌లో, యూనికోడ్ కాని పాత అను ఫాంట్లతో చేసేవాడైతే అంతా కన్వర్ట్ చెయ్యాలి, జొటేరోతో ఉన్న లింకులు తెగిపోతాయి, ఆ తర్వాత ఒక్క రిఫరెన్స్ చేర్చినా చేత్తోనే. కాబట్టి అడ్వాన్స్ ఇవ్వకముందే యూనికోడ్‌లో చేస్తారా అని అడగండి. చెయ్యనంటే ఇంకొకర్ని చూసుకోండి.