అలల కరెంటు మోడల్: ఎల్‌ఈడీ ఎందుకు వెలగట్లేదంటే

మేడమ్ గారూ, మీ బాబు సైన్స్ ఫెయిర్ మోడల్‌లో బోర్లించిన బకెట్, పైన పైపు, అందులో ఫ్యాను, దాంతోపాటు తిరిగి కరెంటు ఇచ్చే బొమ్మకారు మోటారు ఉన్నాయి. ఫ్యాను కదులుతోంది గానీ ఆర్కే బీచ్‌లో తెల్ల ఎల్‌ఈడీ వెలగలేదన్నారు కదా. మోటారు పాడై ఉండదు, టెన్షన్ వద్దు.

అల లేస్తే బకెట్‌లో గాలి బయటికి తోసుకొస్తుంది, దిగితే లోపలికి పీల్చుకుంటుంది. అందుకే మామూలు ఫ్యాను ప్రతిసారీ ఆగి వెనక్కి తిరుగుతుంది, వేగం అందుకోదు. గాలి ఎటు వీచినా ఒకే వైపు తిరిగేది వెల్స్ టర్బైన్. కేరళలోని విళింజంలో 1991లో ఐఐటీ మద్రాసు వాళ్లు నడిపిన 150 కిలోవాట్ల ప్లాంటులో వాడింది అదే. ఆ రెక్కలు ఇంట్లో చెక్కడం కష్టం, వదిలేయండి.

తెల్ల ఎల్‌ఈడీకి 3 వోల్టుల దాకా కావాలి, ఎరుపుకి 2 చాలు. రెండు ఎరుపువి తీసుకుని, ఒక్కోదాని ప్లస్ రెండోదాని మైనస్‌కి వచ్చేలా పక్కపక్కనే కలిపి, ఆ రెండు కొసల్నీ మోటారు రెండు తీగలకి ఇవ్వండి. ఫ్యాను తిరిగే వైపు మారితే కరెంటు దిశ కూడా మారుతుంది కాబట్టి, అల లేస్తే ఒకటి, దిగితే ఇంకొకటి వెలుగుతాయి. జడ్జీలకి చూపించడానికి ఇదే బాగుంటుంది కూడా! పాత ప్రింటర్‌లోని 24 వోల్టుల డీసీ మోటారు దొరికితే ఇంకా మేలు, నెమ్మదిగా తిరిగినా ఎక్కువ వోల్టేజీ ఇస్తుంది. పైపు అతుకు ఎంసీల్‌తో మూసేయండి. బకెట్ అంచు ఎప్పుడూ నీళ్లలోనే ఉండాలి.

పరీక్ష బీచ్‌లో మాత్రం వద్దు, అక్కడ సముద్రం లోపలికి లాగేస్తుంది. డ్రమ్ములో నీళ్లు పోసి బకెట్‌ని పైకీ కిందికీ ఆడిస్తే సరిపోతుంది.