ట్రంకుపెట్టె అడుగున మార్కుల మెమో

ప్రశ్న: మా అక్క కొడుకుకు 19 ఏళ్లు. పదో తరగతిలో లెక్కలు, ఇంగ్లీషు తప్పాడు. సప్లిమెంటరీ రెండుసార్లు రాసినా గట్టెక్కలేదు. చీమకుర్తిలో గ్రానైటు రాళ్ల కోతపనికి వెళ్తున్నాడు. చదువు మాట ఎత్తితే కంచం ముందునుంచి లేచిపోతాడు. అయితే మార్కుల మెమోను కవరులో చుట్టి ట్రంకుపెట్టె అడుగున దాచుకున్నాడని మొన్న మా అక్క చెప్పింది. పని మాన్పించి ట్యుటోరియల్లో చేర్చమంటారా?
- ఒక మేనమామ, ప్రకాశం జిల్లా

జవాబు: ఇప్పుడే మాన్పించకండి. రాతి దుమ్ము ఊపిరితిత్తులకు చేటు కనుక ఆ పని ఎన్నాళ్లో చేయదగినది కాదు, నిజమే. కానీ మూడు పూటలా తన కష్టం మీద తింటున్నవాణ్ణి మళ్లీ బస్సు ఛార్జీకి మీ ముందు చేయి చాపేలా చేస్తే, చదువు మీద ఉన్న కాస్త మనసూ విరిగిపోతుంది. చదువు అక్కర్లేనివాడు మెమోను అంత భద్రంగా దాచుకోడు.

ఆ మెమోకు ఇంకా విలువ ఉంది. ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విద్యాపీఠం, అంటే అందరూ ఓపెన్ స్కూల్ అనేది, 14 ఏళ్లు నిండిన ఎవరినైనా పదో తరగతిలో చేర్చుకుంటుంది. వయసు మీరిందన్న మాట ఉండదు, పదిహేనేళ్ల పిల్లల పక్కన కూర్చోవలసిన అవసరమూ ఉండదు. ఐదు సబ్జెక్టులు రాయాలి. ఇదివరకు పాసైన వాటిలో రెండింటి మార్కులను బదిలీ చేయించుకోవచ్చు కనుక మీవాడికి మిగిలేవి మూడే. తరగతులు ఎక్కువగా సెలవు రోజుల్లోనే పెడతారు, కాబట్టి ఆదివారాలు వదలమని మేస్త్రీతో ముందే మాట్లాడుకోవాలి.

లెక్కలు వదిలేసి తేలిక సబ్జెక్టులు తీసుకోమని చాలామంది సలహా ఇస్తారు. నేను ఇవ్వను. ఐటీఐలో ఎలక్ట్రీషియన్, ఫిట్టర్ కోర్సులకు లెక్కలు, సైన్సులతో పది పాసై ఉండాలి. అంత ఓపిక లేదంటే ఎనిమిదో తరగతి అర్హతతోనే ఏడాది వెల్డర్ కోర్సులో చేరవచ్చు. ఏది కావాలో వాణ్ణే అడగండి, అదీ అన్నాల వేళ కాకుండా.

దరఖాస్తు మాత్రం మీరు నింపవద్దు. తప్పులు పోయినా వాడి చేతనే నింపించి, అందులో వాడి ఫోను నంబరే వేయించండి. పరీక్ష తేదీల కబురు మీకు కాక నేరుగా వాడికే రావాలి.