పసుపెక్కిన ఆకు చూసి మందు కొట్టకండి, కాండం కోసి చూడండి

అరటి తెగుళ్లపై పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: కావెండిష్ రకం అరటి తోటకు ఆరో నెల. అక్కడక్కడ కింది ఆకులు అంచుల నుంచి పసుపెక్కి, కాడ దగ్గర విరిగి వేలాడుతున్నాయి. పొటాష్ లోపమని ఒకరు, పనామా తెగులని ఒకరు అంటున్నారు. ఎలా తేల్చుకోవాలి?

జవాబు: పైపైన చూస్తే ఎవరైనా పొరబడతారు. పొటాష్ తక్కువైనా, నీరు నిలిచి వేర్లు కుళ్లినా, ముక్కుపురుగు దుంపను తొలిచినా ముందు పసుపెక్కేవి ముదురు ఆకులే. అసలు తేడా లోపల ఉంటుంది.

బాగా వాడిపోయిన చెట్టును ఎంచుకుని, నేలకు జానెడు ఎత్తున కాండంలో చిన్న కిటికీలా కోయండి. ఆరోగ్యంగా ఉన్న డొప్పలు లోపల తెల్లగా ఉంటాయి. పనామా తెగులైతే డొప్పల్లో నిలువునా ఎర్రటి గోధుమరంగు దారాలు కనిపిస్తాయి. అడ్డంగా కోసిన చోట అవే చుక్కలుగా తేలతాయి. పొటాష్ లోపంలో ఈ దారాలు ఉండవు. ముక్కుపురుగైతే దుంపలో సొరంగాలు దొరుకుతాయి.

దారాలు కనిపించగానే పనామా అని తీర్మానించకండి, బ్యాక్టీరియా ఎండు తెగులులోనూ లోపల రంగు మారుతుంది. గాజుగ్లాసులో తేటనీళ్లు పోసి, రంగు మారిన డొప్ప ముక్కను కొస మాత్రం నీటిని తాకేలా వేలాడదీయండి, కదపకండి. కొద్ది నిమిషాల్లో పాలలాంటి సన్నని ధార కిందికి జారితే అది బ్యాక్టీరియా. పనామా శిలీంధ్రం వల్ల వచ్చే తెగులు, అందులో నీళ్లు తేటగానే ఉంటాయి. గెల ఉంటే కాయ కూడా కోయండి: బ్యాక్టీరియా తెగులులో గుజ్జు గోధుమరంగుకు తిరిగి కుళ్లుతుంది, పనామాలో గుజ్జు మామూలుగానే ఉంటుంది.

మీది కావెండిష్ కావడమే ఇక్కడ అసలు ఆందోళన. గత శతాబ్దం మధ్యలో గ్రో మిషెల్ రకాన్ని ఎగుమతి తోటల నుంచి దాదాపు తుడిచిపెట్టింది పనామా శిలీంధ్రంలో రేస్ 1 అనే తెగ. దాన్ని తట్టుకుంటుందనే కావెండిష్‌ను తెచ్చారు. కాబట్టి ఉష్ణమండలపు కావెండిష్‌లో ఎర్రదారాలు కనిపిస్తే టీఆర్4 (ట్రాపికల్ రేస్ 4, కావెండిష్‌నూ చంపే పనామా శిలీంధ్రపు తెగ) అనే అనుమానంతోనే నడుచుకోవాలి. కంటితో రేస్‌ను గుర్తుపట్టలేం, డీఎన్ఏ పరీక్ష కావాల్సిందే. నమూనా మీరే మోసుకెళ్లకుండా వ్యవసాయ శాఖ వాళ్లను తోటకే పిలవండి. వాళ్లు రంగు మారిన దారాలను చీల్చి పొడి కాగితం మడతల్లో పెడతారు. ప్లాస్టిక్ సంచిలో పెడితే చెమర్చి కుళ్లిపోతుంది, పరీక్షకు పనికిరాదు.

ప్రశ్న: పనామా తెగులని తేలింది. కార్బెండజిమ్ అనే శిలీంధ్రనాశినిని మొదళ్లలో పోయమంటున్నారు. చెట్లను పీకి తగలబెట్టమని ఇంకొకరి సలహా. ఏది మంచిది?

జవాబు: రెండూ వద్దు. శిలీంధ్రం వేరులోంచి నీటినాళాల్లోకి చేరిపోయింది, అక్కడ దాన్ని చంపే మందు లేదు. నేలలో అది మందమైన గోడ ఉన్న సిద్ధబీజాలుగా దశాబ్దాల పాటు ఉంటుంది. మొదట్లో పోసిన మందు వాటిని ఏమీ చేయలేదు.

పీకడం ఇంకా చేటు. దుంప లేచిన చోట మట్టి గుల్లవుతుంది, ఈడ్చిన దారంతా సిద్ధబీజాలు రాలతాయి. చెట్టును నిలబడ్డచోటే చంపాలి. కాండంలోకి గ్లైఫోసేట్ లాంటి కలుపుమందును లేబుల్ మీది మోతాదులో ఎక్కించి, పిలకలతో సహా ఎండనివ్వండి. చుట్టూ ఉన్న చెట్లు బాగున్నట్టు కనిపించినా కొన్ని వరుసలను కలిపి కంచె వేయండి. తెగులు సోకిన చాలా రోజులకు గానీ లక్షణాలు బయటపడవు. ఆ మడి నుంచి పారిన నీరు తోటలోకి రాకుండా కాలువ మళ్లించండి.

చాలామంది తప్పేది బూట్లు, పారల దగ్గర. మట్టి అంటిన బూటును బ్లీచింగ్ నీళ్లలో ముంచితే క్లోరిన్ బలమంతా మట్టికే ఖర్చవుతుంది. ముందు బ్రష్‌తో మట్టి పూర్తిగా రాల్చాలి, ఆ తర్వాతే క్వాటర్నరీ అమ్మోనియం రకం క్రిమిసంహారిణిలో ముంచాలి. తొట్టిలో నీరు బురదైతే పారబోసి కొత్తది కలపాలి. తెగులున్న మడిలో పని రోజులో చివర పెట్టుకోండి, వీలైతే దానికి వేరే పార, వేరే కత్తి ఉంచండి.

సున్నం వేసి పుల్లనేలను సరిచేయడం, అమ్మోనియం ఎరువులు తగ్గించి నైట్రేట్ రూపంలో నత్రజని ఇవ్వడం తెగులు జోరును కాస్త తగ్గిస్తాయి. అంతేగానీ నయం చేయవు.

ప్రశ్న: పిలకలను వేడినీళ్లలో ముంచి నాటితే సరిపోతుందా? టిష్యూ కల్చర్ మొక్కలే కొనాలా?

జవాబు: దుంప పైచెక్కు చెక్కి, 52–55 డిగ్రీల నీటిలో సుమారు 20 నిమిషాలు ఉంచడం నులిపురుగులకూ ముక్కుపురుగు గుడ్లకూ పనికొస్తుంది. దుంప నాళాల్లో ఉన్న పనామా శిలీంధ్రం దానితో చావదు. పైకి నిగనిగలాడే పిలకలోనూ అది ఉండొచ్చు. అందుకే టిష్యూ కల్చర్ మేలు. అయితే తల్లిమొక్కకు వైరస్ పరీక్ష చేశారో లేదో అడగండి, ప్రయోగశాలలో పెంచినంత మాత్రాన వైరస్ పోదు. తెగులున్న నేలలో నాటితే ఈ మొక్కలకూ రక్షణ లేదు.

ప్రశ్న: కొన్ని మొక్కల ఆకులు సన్నబడి, నిటారుగా కుచ్చులా ఒకేచోట నిలుస్తున్నాయి. ఇదీ పనామాయేనా?

జవాబు: కాదు, బంచీ టాప్ వైరస్ కావచ్చు. ఆకును వెలుతురుకు ఎత్తిపట్టి అడుగువైపు నుంచి చూడండి. నడి ఈనె పక్కన సన్ననరాల వెంట ముదురు ఆకుపచ్చ చుక్కలూ గీతలూ తంతి సంకేతాల్లా కనిపిస్తాయి. కాడ మీదా ఉంటాయి. దీన్ని మోసేది పేనుబంక. మొవ్వులోనూ ఆకుకాడల మొదళ్లలోనూ గుంపుగా ఉంటుంది, చీమలు తిరుగుతుంటే అక్కడే వెతకండి.

ఇక్కడ వరుసక్రమం ముఖ్యం. ముందు పేనుబంకకు మందు కొట్టాలి, అది చచ్చాకే దుంపతో సహా తవ్వి ముక్కలు చేయాలి. ముందే నరికితే రెక్కల పేనులు పక్క చెట్లకు ఎగిరిపోతాయి. ఒక పిలకకు సోకితే ఆ కుదురంతా పోయినట్టే, పక్క పిలకను కార్శికి (పిలక పంటకు) వదలకండి.

ప్రశ్న: తెగులు చెట్టు పండు తినొచ్చా?

జవాబు: పనామా, బంచీ టాప్ మనుషులకు సోకవు. గెల కింద పరుపుగా ఆ తోట ఆకులు వేసి మాత్రం బయటికి పంపకండి.

ప్రశ్న: టీఆర్4ను తట్టుకునే రకాలు వచ్చాయంటున్నారు. అవి నాటితే బెడద తీరినట్టేనా?

జవాబు: కావెండిష్‌కు గింజ లేదు, ప్రతి మొక్కా పాతమొక్కకు నకలే. సంకరం చేయడం అందుకే కష్టం. తైవాన్‌లో టిష్యూ కల్చర్ మొక్కల్లో వచ్చిన తేడాల నుంచి ఎంచిన ఫార్మోసానా కొంత తట్టుకుంటుంది, పూర్తిగా కాదు. అడవి అరటి నుంచి తీసిన జన్యువును చేర్చిన క్యూసీఏవీ-4 అనే కావెండిష్ రకానికి ఆస్ట్రేలియా 2024లో అనుమతి ఇచ్చింది. టీఆర్4 ఈలోపు 2013లో మొజాంబిక్‌లో, 2019లో కొలంబియాలో, 2021లో పెరూలో బయటపడింది. తట్టుకునే రకం నాటినా నేలలోని శిలీంధ్రం పోదు, ఆ మడిలోంచి బయటికి వచ్చే బూటు కడగాల్సిందే.