తాండూరు బండలకు పులుపు తగలనీయకు

నల్లగొండ

చిరంజీవి బిడ్డకు పెద్దమ్మ ఆశీస్సులు.

బజారు ఫినాయిలు, ఆసిడ్ మానేసి వంటింట్లో దొరికే వాటితోనే ఇల్లు శుభ్రం చేసుకోవాలని ఉందని, ఎక్కడ మొదలుపెట్టాలో చెప్పమని రాశావు. చాలా సంతోషించాను. అయితే అన్నింటికన్నా ముందు ఒక సంగతి తెలుసుకో. మనం వాడేవాటిలో చింతపండు, నిమ్మకాయ, వెనిగర్ వంటివి పులుపు జాతి. వంటసోడా, కట్టెల బూడిద క్షార జాతి. కుంకుడుకాయ సబ్బు జాతి. ఏ వస్తువు మీద ఏ జాతి వాడాలో చూసుకోకుండా అన్నిటికీ నిమ్మకాయే మంచిదనుకుంటే మురికితో పాటు వస్తువు కూడా పాడవుతుంది.

మహబూబ్‌నగర్‌లో మీరు తీసుకున్న ఇంట్లో పరిచినవి తాండూరు బండలని మీ అమ్మ చెప్పింది. తాండూరు బండలైనా షాబాదు బండలైనా సున్నపురాయి జాతివే కాబట్టి వాటి మీద పులుపు పడితే రాయి సన్నగా నురగలు కక్కుతూ కరుగుతుంది. నమ్మకం కుదరకపోతే బియ్యం డబ్బా కింద కనిపించని మూల ఒక్క నిమ్మచుక్క వేసి వంగి చూడు, చిన్నచిన్న బుడగలు లేస్తాయి. తుడిచేశాక అక్కడ నునుపు పోయి తెల్లని మచ్చ మిగులుతుంది. అట్లా గరుకెక్కిన చోటనే మళ్లీ మురికి ముందుగా పట్టుకుంటుంది. పాలరాయికీ ఇదే మాట వర్తిస్తుంది, గ్రానైటుకు మాత్రం అంత భయం లేదు.

ఆ బండలకు కుంకుడు రసమే తగినది. పది పన్నెండు ఎండు కాయలు పగులగొట్టి, గింజలు తీసేసి, లీటరు నీటిలో రాత్రంతా నానబెట్టి, పొద్దున చిన్న మంట మీద పావుగంట మరిగించి, చల్లారాక చేత్తో బాగా పిసికి పలుచని బట్టలో వడగట్టు. సగం బకెట్టు గోరువెచ్చని నీటిలో ఒక గ్లాసు రసం కలిపి తుడిచి, తర్వాత వట్టి నీటితో ఇంకోసారి తుడువు. నురగ తక్కువగా ఉందని ఎక్కువ పోయకు, బండ జిగటగా తయారవుతుంది. మన ఎండలకు రసం బయట రెండు రోజులకే పులిసిపోతుంది కనుక కొద్దికొద్దిగా చేసుకోవాలి, ఫ్రిజ్‌లో పెడితే వారం వరకు ఉంటుంది. నీ గద్వాల చీరలకు కూడా ఇదే రసం చన్నీళ్లలో కలిపి వాడవచ్చు. రంగు దిగుతుందేమో ముందు కొంగు చివర చూసుకొని, పిండకుండా, నీడలో ఆరవేయి. తెల్ల బట్టలకు మాత్రం వద్దు, పసుపుచాయ వస్తుంది. పిల్లల కళ్లలో పడితే విపరీతంగా మండుతుంది, జాగ్రత్త.

బండ మీద నూనె ఒలికితే వెంటనే నీళ్లు పోయకుండా వంటసోడా పొడిగా చల్లి, రాత్రంతా వదిలేసి, పొద్దున ఊడ్చెయ్యి. అది నూనెను పీల్చుకుంటుంది.

పులుపుకు తగిన పనులు వేరే ఉన్నాయి. బోరు నీళ్ల వల్ల నల్లాల చుట్టూ, స్టీలు బకెట్ల అడుగున తెల్లగా పట్టే గార కూడా సున్నపు జాతిదే కాబట్టి అక్కడ పులుపే మందు. వెనిగర్‌లో తడిపిన గుడ్డను నల్లాకు అరగంట చుట్టి ఉంచి రుద్దితే గార రాలిపోతుంది. అయితే చుక్కలు కింది బండ మీద పడకుండా ఒక గిన్నె పెట్టుకో. లీటరు నీటికి రెండు చెంచాల నిమ్మ ఉప్పు, అంటే సిట్రిక్ ఆసిడ్ పొడి, కలిపినా అదే పని చేస్తుంది. గార పోయి బిందె మెరిసినంత మాత్రాన నీళ్లలోని ఫ్లోరైడ్ పోయినట్టు కాదు, తాగడానికి మాత్రం మిషన్ భగీరథ నీళ్లే పట్టుకో.

ఇత్తడి, రాగి బిందెలను నానబెట్టిన చింతపండుకు కాస్త ఉప్పు కలిపి తోము. కడిగిన వెంటనే పొడి గుడ్డతో తుడవకపోతే సాయంత్రానికే మళ్లీ నల్లబడతాయి. లోపల కళాయి వేసిన గిన్నెలను గట్టిగా తోమవద్దు. మనం సిల్వర్ గిన్నెలనే అల్యూమినియం గిన్నెలకు సోడా, బూడిద రెండూ పనికిరావు, నల్లబడతాయి. కుక్కరు లోపలి నలుపుకు నిమ్మతొక్కలు వేసి నీళ్లు మరిగిస్తే చాలు. బూడిద వాడదలిస్తే కట్టెలదే జల్లించి స్టీలు పాత్రలకు వాడు. ప్లాస్టిక్, అట్టలు కాల్చిన బూడిద ముట్టవద్దు.

సోడాను, వెనిగర్‌ను కలిపి పొంగించి సింకులో పోయమని చాలామంది చెబుతారు. ఆ పొంగు చూడటానికి బాగుంటుంది కాని రెండూ ఒకదాని బలాన్ని ఒకటి చంపుకుంటాయి. జిడ్డుకు సోడాను, గారకు పులుపును విడివిడిగా వాడటమే నా పద్ధతి. ఇంతకన్నా ముఖ్యమైన మాట ఒకటుంది: బ్లీచింగ్ పౌడరు చల్లిన చోట వెనిగర్ గాని, నిమ్మరసం గాని, ఆసిడ్ గాని ఎన్నడూ పోయవద్దు. అప్పుడు పుట్టే క్లోరిన్ వాయువు ఊపిరి ఆడనివ్వదు, ఇరుకు బాత్రూములో ప్రాణాలకే ముప్పు. ఇంట్లో ఎవరికైనా వాంతులు, విరేచనాలు పట్టుకుంటే మాత్రం కుంకుడు రసాన్ని నమ్ముకోక, పట్టుదల పక్కనపెట్టి, బ్లీచింగ్ పౌడరే డబ్బా మీద రాసిన కొలత ప్రకారం నీటిలో కలిపి వాడు.

కుంకుడు రసం అచ్చం చాయ్‌లాగే కనిపిస్తుంది కాబట్టి కూల్‌డ్రింకు సీసాలో పోసి పెట్టకు. పేరు రాసిన డబ్బాలో పోసి పిల్లల చేతికి అందనంత ఎత్తులో పెట్టు. మీ అమ్మ అక్కడికి వచ్చేటప్పుడు గింజలు తీసిన కాయలు పంపిస్తాను, అందిన వెంటనే ఒకపూట ఎండలో ఆరబెట్టి మూత బిగించుకో.

ఇట్లు,
నీ పెద్దమ్మ